మూడు వందల మాటలకు మించకుండా

"మీ బడి అవసరాన్ని మూడు వందల మాటలకు మించకుండా
వివరించండి" అంటోంది గడి.
పక్కన ఎర్ర చుక్క. తప్పనిసరి అట.

సిగ్నలు రేవు గట్టు మీదే దొరుకుతుంది,
అందుకని ఇక్కడ కూర్చున్నాను.
ఆఖరి పంటు తప్పితే ఈ రాత్రికి లంకలోనే.
తొందరగా చెబుతాను.

బడికి పంతొమ్మిది మంది, నాతో ఇరవై.
మొన్న ఆగస్టులో గోదారి
నల్లబల్ల సగం దాకా వచ్చి చదువుకుని పోయింది.
ఒండ్రు కడిగాం, గీత మిగిలింది.
లోవరాజు ఆ గీత కింద వీపు ఆన్చి నిలబడి
"నాకంటే నాలుగు వేళ్ళు ఎక్కువండీ" అన్నాడు.
ఆ పూట కొలతల పాఠం అయిపోయింది.
దీన్ని 'వినూత్న బోధన' అన్న గడిలో రాయొచ్చా?

లబ్ధిదారులు కనీసం రెండు వందలుండాలట.
అయ్యా,
చీరమేనుని చీరతోనే పట్టాలి.
పెద్ద కన్నుల వల వేసి
చేపల్లేవని రాసుకుపోతే ఎలా?

పోయినేడు అవార్డుకి పెట్టమన్నారు.
నన్ను నేనే పొగుడుకుని, ఫొటోలు అతికించి,
మూడు ప్రతులు.
"ఫైలు బరువుంటేనే శాలువా అమ్మా" అన్నారు
కడలి భాస్కరం మాస్టారు.
ఆయనకి ఏడున్నాయి.
ఒకటి వాళ్ళ బడి కంప్యూటరుకి కప్పారు.
అది పనిచెయ్యదు,
చలి మాత్రం వెయ్యదు దానికి.
నేను రెండు పేజీలు రాసి
నా పేరు దగ్గర ఆగిపోయాను.

ఉచితంగా వచ్చినవి చెప్పమన్నారు, చెబుతున్నాను:
పడవ తాడు ముక్క ఒకటి, మీటరుకో ముడి వేసింది.
కొబ్బరి డిప్పలు, లెక్కలకి.
చెరువుల రోడ్డులో మూతపడ్డ రొయ్యల లాబు నుంచి
ఒక సూక్ష్మదర్శిని.
లాబులో పనిచేసిన దైవకృప
సైకిలు మీద గోనెసంచిలో తెచ్చి దింపాడు.
"రోగం వెతికి వెతికి అరిగిందండి,
ఎడం పక్క గీతుంది, అటు చూడకండి" అని
టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.
జీతం ఆర్నెల్లది రాలేదట అతనికి.

పంటకాలవ నీళ్ళు ఒక చుక్క వేశాం.
నూకరత్నం కన్ను పెట్టింది, తియ్యదు.
వెనక పద్దెనిమిది మంది తోసుకుంటున్నారు.
ఎప్పుడూ నోరు విప్పని పిల్ల
కన్ను తియ్యకుండానే అంది:
"నీళ్ళు ఖాళీగా లేవండి."

ఇప్పుడు అవసరం.
గాజు పలకలు రెండు పెట్టెలు. ఉన్న మూడూ పగిలాయి.
ఒక బల్బు. లెన్సు తుడిచే కాగితం.
కాకినాడలో ధర కనుక్కున్నాను, ఆరు వందల నలభై.
మీ గడిలో యాభై వేలకు తక్కువ అంకె పడటం లేదు.
మిగతా నలభై తొమ్మిది వేల మూడు వందల అరవైకి
ఏ అవసరాన్ని పుట్టించమంటారు?
ఆరు వందలు నేనే పెట్టుకోవచ్చు.
పెట్టుకుంటూనే ఉన్నాను, సుద్దముక్కల నుంచీ.
ఒక్కసారి ఎవరైనా అడిగి ఇస్తే
ఎలా ఉంటుందో చూద్దామని.

గడి ఎర్రబడింది. మాటలు దాటాయట.
భాస్కరం మాస్టారిని కొట్టేశాను.
వరదని కొట్టేశాను, గోదారి ఏమీ అనుకోదు.
దైవకృప జీతం దగ్గర వేలు ఆగింది.
నూకరత్నం మాట మీదికి వెళ్ళనే లేదు.

"టీచరండీ, తాడు ఇప్పేత్తన్నాం ఆయ్!"

పరిగెత్తి ఎక్కి 'పంపు' నొక్కాను.
నడి గోదారిలో సిగ్నలు పోయింది.
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.
నేను మంచినీళ్ళ సీసా వొంపేసి
పంటు అంచు మీంచి వంగి
మళ్ళీ నింపుకున్నాను.
ఇవి లోతు నీళ్ళు,
పిల్లలు ఇంకా చూడనివి.