ఊపిరి సందు

పాతపట్నంలో, రేవుకు దిగే వీధి మలుపున
ఒకప్పటి జనపనార గోదాము.
గోడ ఇక్కడి కొండరాయే, ఎర్ర చుక్కలది,
మందం నా రెండు మూరలు.
టేపు పెట్టి కొలుస్తుంటే సన్నగా ఇసుక రాలింది,
సముద్రంతో లెక్క ఇంకా తేలనట్టు.

నా లాప్‌టాప్‌లో అప్పటికే అది కాఫీ హోటలు.
దక్షిణమంతా అద్దం,
డాల్ఫిన్స్ నోస్ కొండ మొత్తం
ఒక్క చట్రంలో పట్టేటంత.
యజమాని ఆ బొమ్మను ఫోన్లో దాచుకుని
చుట్టాలందరికీ పంపాడు.

సున్నం పనికి చేపలుప్పాడ నుంచి
దాలప్పడు వచ్చాడు.
గోడకు చెవి ఆనించి, వేలి కణుపుతో కొట్టి,
"బతికే ఉంది" అన్నాడు.
నా తెరవైపు చూసి కాసేపు ఏమీ అనలేదు.
చూపుడువేలు నోట్లో తడిపి గాల్లోకి ఎత్తాడు.
"అమ్మా, కిటికీ నువ్వు సూడ్డానికెట్టావు.
గాలి ఎల్డానికి కదేటి ఎట్టాలి?"

వాదించాను. ఐదేళ్ల చదువు వాదించింది.
హుద్‌హుద్ నాడు బీచ్ రోడ్డు అద్దాలన్నీ
పటికబెల్లంలా నేలపాలైన సంగతి
అతను ఎత్తలేదు, నాకే గుర్తొచ్చింది.
అప్పుడు నేను ఇంటర్.
వంటింటి తలుపుకు వీపులు ఆనించి
అమ్మా నేనూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.

గుంటలో సున్నం ఇరవై రోజులు నానింది.
గుల్లలు కాల్చిన సున్నం, ఏటి ఇసుక,
కరక్కాయ నీళ్లు, బెల్లం పాకం.
బెల్లం ఎంతని అడిగితే
"సీమలు పట్టీవరకూ ఎయ్యి. ఆపేల ఒగ్గీ" అన్నాడు.
ఆ కొలతకు నా పట్టికలో గడి లేదు.

ఇనుమంటే అతనికి నమ్మకం లేదు.
ఉప్పుగాలికి అది పుండవుతుందట.
తుప్పు పట్టని ఉక్కు ముక్క ఒకటి ఇచ్చాను.
ఇంటికి తీసుకెళ్లి ఊరగాయ జాడీలో
సముద్రపు నీళ్లు పోసి నెలరోజులు ముంచాడు.
పైకి తీసి, తుడిచి, నాలుక్కి తాకించి,
"సర్లే, ఈడ్ని అల్లుడు సేసుకోవచ్చు."

అసలు తగువు అతుకు దగ్గర.
కూలిపోయిన మూల నేను కట్టేది కొత్త గోడ.
కొత్తది పాతదాని వేషం వెయ్యకూడదంటాను.
కుట్టు కనబడితే తాపీవాడికి పరువేటంటాడు.
రెండు రోజులు మాటల్లేవు.
మూడోనాడు రెంటి మధ్యా
వేలెడు ఖాళీ గీసి చూపించాను:
పాతది తన చెమ్మకు తాను ఉబ్బనీ,
కొత్తది తన ఎండకు తాను సాగనీ.

ఆ గీతను చాలాసేపు చూశాడు.
తాపీ అంచు గాల్లో ఒకసారి దూర్చి తీసి,
"ఊపిరి సందు" అన్నాడు.

మా కాలేజీలో దానికి వేరే పేరుంది.
నక్షాలో ఆ పేరు కొట్టేసి రాశాను:
ఊపిరి సందు, పన్నెండు మిల్లీమీటర్లు.

కిటికీ చిన్నదైపోయింది.
కొండ సగమే కనిపిస్తుంది, యజమాని ఇంకా అలకలోనే ఉన్నాడు.
నైరుతి గాలి తిరిగిన సాయంత్రాల్లో
ఆ సందు సన్నగా ఈల వేస్తుంది.
ఫోన్ మోగిందనుకుని
జనం జేబులు తడుముకుంటారు.

తెరిచిన వారానికి దాలప్పడు వచ్చాడు,
ఉతికిన చొక్కాతో.
కొండకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చున్నాడు.
కాఫీ ఒక గుక్క తాగాడు.
"బెల్లం సాల్లేదు" అన్నాడు.
గ్లాసునో, గోడనో
నేను అడగలేదు.