ఈ గుర్రం ఏ సినిమాలోది?

కోటబొమ్మాళిలో, కొత్తమ్మ జాతరకి
ముందు మూడు రోజులూ వాన.
బురదలో పలకలు పరిచి నిలబెట్టారు
తవిటయ్య రంగుల రాట్నం.
ఎనిమిది గుర్రాలు, రెండు ఏనుగులు,
ఒక నెమలి. నెమలి మీద పెళ్లికాని పిల్లలు ఎక్కరు,
ఎందుకో ఎవరికీ తెలీదు.
మూడో గుర్రానికి ఎడం చెవి లేదు.
దాన్ని మేం చెవిటిదంటాం.
ఇరవై రెండేళ్లుగా ఏటేటా నేనే దానికి రంగేస్తాను:
గోధుమ వన్నె, నుదుట తెల్ల చుక్క,
జీను మీద నాకు ఆ ఏడు తోచిన పువ్వు.

ఈ ఏడు పాట పెంచి కొట్టేసింది విశాఖ కంపెనీ.
మైదానంలో సగం వాళ్లదే.
గాలి కొట్టిన కోట, పొగలు కక్కే గేటు,
గేటు మీద ముసుగు వీరుడు.
ముప్పై అడుగులు, పిడికిలి బిగించి
వరి చేల వైపు చూస్తున్నాడు
తగువు ఎవరితోనో మరిచిపోయినట్టు.
టిక్కెట్టు నూట ఎనభై.
వరస ఆటోలు ఆగే చోటు దాకా.
మా దగ్గర ముప్పై.
వరసలో ఒక మేక, దాని మనిషి.

నిజం చెప్పాలి.
పాతదంతా బంగారమని నేననను.
మా నాన్న కాలంలో
ఊయల పెట్టెల మీద సినిమా హీరోల మొహాలు వేసింది మేమే.
మీసం కుదరలేదని
అభిమానులు ఆయన ఎక్కిన నిచ్చెన లాగేశారు.
తవిటయ్య తాత రాట్నాన్ని చేత్తో తిప్పేవాడు.
డీజిలు మోటారు పెట్టిననాడు
"తల్లి ఒప్పుకోదురా" అన్నారట ఊరంతా.
తల్లి ఒప్పుకుంది.
ఆమె పేరే కొత్తమ్మ.

రెండో రోజు పొద్దుగూకే వేళ
ఓ గుంట వచ్చింది, నాలుకంతా ఊదా ఐసు.
చెవిటిదాని మెడ మీద చెయ్యేసి
"తాతా, ఈ గుర్రం ఏ సినిమాలోది?"
నాకు నోట మాట రాలేదు.
"ఏ సినిమాలోదీ కాదమ్మా."
"మరిదేటి సేస్తాది?"
"తిరుగుతాది."
"అంతేనా?"
"అంతే."
కాసేపు ఆలోచించింది.
"అయితే ఇది మా పెదనాన్న గేదిని ఎతకడానికి ఎల్తంది" అని
ఎక్కి కూచుంది.
నాలుగు చుట్లు.
చుట్టుకొకసారి నా ముందునించి పోతూ కబురు చెప్పింది.
నరసన్నపేట దాటీసినాం.
వంశధారలో నీళ్లు లోతు.
గేది దొరికీసింది.
మళ్లీ తప్పిపోనాది.

ఆ వీరుడి కోటలో
పిల్లలు అడుగు పెట్టేసరికే కథ అయిపోయి ఉంటుంది.
ఎవడు గెలుస్తాడో తెలుసు,
గెలిచినప్పుడు ఏ డప్పు మోగుతుందో తెలుసు.
తెలిసినదాన్ని చేత్తో ముట్టుకోవడమూ ఒక సంతోషమే,
కాదనను. నా మనవడు అక్కణ్నించి
రెండు గంటలు బయటికి రాలేదు.
చెమటలు కారుతూ, దీపంలా వెలుగుతూ వచ్చాడు.

మూడో రాత్రి కంపెనీ మేనేజరు,
మెడలో కార్డు, బూట్ల నిండా బురద,
తవిటయ్యకి టీ ఇప్పించి చెప్పాడు:
వచ్చే ఏడు రాట్నం మా గేటు లోపల పెట్టు,
అద్దె వద్దు,
గుర్రాలు మాత్రం మా వీరుడి గుర్రాలవ్వాలి.
నల్ల ముసుగు, నీలం మెరుపు.
తవిటయ్య నా వైపు చూశాడు.
ఆయనకి ముగ్గురు కుర్రాళ్ల కూలి, డీజిలు, లారీ అప్పు.
నాకు గుర్రానికి ఎనిమిది వందలు.

దీపావళి వెళ్లాక రెండు గుర్రాలతో మొదలెట్టి
ఏడింటికి వేశాను.
చెయ్యి వణకలేదు.
అబద్ధమెందుకు, మెరుపు బాగా కుదిరింది.
చెవిటిదాని దగ్గరికొచ్చేసరికి
చూడ్డానికొచ్చిన మేనేజరే అన్నాడు:
"ముసుక్కి రెండు చెవులుండాలి కదా.
అది వద్దులే, సెట్టులో కలవదు."

అందుకని అదిప్పుడు మా పెరట్లో ఉంది,
జీడిపిక్కల గోనెల పక్కన,
ఎటూ తిరగకుండా.
గోధుమ రంగు డబ్బా మూత
ఎండి బిగుసుకుపోయింది.
స్క్రూడ్రైవరు పెట్టి తీస్తున్నాను.