టార్చి పట్టుకున్నవాడి మాట

మెరెరంగి బండి పుట్టుకతో కరెంటు బండి కాదు.
ఎర్ర రంగు పోయి
తుప్పు తన రంగు తాను వేసుకున్న
మామూలు తొక్కుడు సైకిలు.
వెనక చక్రం ఊడదీసి
బొజ్జలో మోటారున్న చక్రం తగిలించింది.
నీళ్ల సీసా ఉండాల్సిన చోట బ్యాటరీ.
పక్కింటివాణ్ణి గనక
నా వంతు టార్చి పట్టుకోవడం.

పెటోని నుంచి వెల్లింగ్టన్ ఆసుపత్రికి పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు.
ఎడమ చేతికి సముద్రం, కుడి చేతికి రైలు పట్టాలు,
ఎదురుగా గాలి.
ఇక్కడ దక్షిణపు గాలి చందనం వాసన వెయ్యదు.
మంచు ఖండం మీద పళ్లు నూరుకుని
తిన్నగా వచ్చి ముఖం మీద కరుస్తుంది.
ఇరవై ఆరు దగ్గర బండి
ఇక నా వల్ల కాదని మొరాయిస్తుంది.

"ముప్ఫై రెండు కావాలి" అంది ఒక శనివారం,
చేతుల గ్రీజు తుడుచుకోకుండానే.
ఎందుకని నేనడగలేదు.
ముప్ఫై ఏళ్లు రైల్లో గార్డుగా చేశాను,
తొందర ఎందుకని ఎవరినీ అడగకూడదని తెలుసు.

ముందు ఉచితంగా దొరికేవి ఏరుకుంది.
టైర్లు రాయిలా అయ్యేదాకా గాలి కొట్టింది.
గొలుసుకి నూనె పెట్టింది.
రాసుకుంటున్న బ్రేకుని వెంట్రుకవాసి జరిపింది.
ముందున్న బుట్ట పీకేసింది.
అన్నీ కలిపి ఒకటిన్నర.
కొండను తవ్వి ఎలుకను పట్టామన్నాను.
"ఎలుకైనా నాదే" అంది.

తర్వాత వోల్టులు.
పది సెల్లుల వరస తీసేసి పదమూడు సెల్లుల వరస.
పిండి కొద్దీ రొట్టె, వోల్టు కొద్దీ పరుగు.
స్టాండు మీద, గాల్లో, చక్రం ఈల వేసింది.
నేను టార్చి ఊపాను, పచ్చజెండా ఊపినట్టు.
అప్పుడే కంట్రోలరు డబ్బాలోంచి
అప్పడం విరిగినంత చప్పుడు.
సన్నటి పొగ. చేపలు కుళ్లిన వాసన.
యాభై వోల్టులకి పుట్టిన కెపాసిటరు
యాభై నాలుగు మింగబోయింది పాపం.
మెరెరంగి పగలబడి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
అందులో ఆమె ఆరు వారాల ఓవర్‌టైము ఉందని తెలుసు.

మళ్లీ ఓవర్‌టైము, మళ్లీ కంట్రోలరు.
ఈసారి బలం ఎక్కువై ఇరుసే తిరగబోయింది.
బావ ఫలనికో వచ్చి ఉక్కు పట్టీ కోసి
ఇరుసుకి అడ్డంగా బిగించాడు.
"ఇక చక్రం ఊడదు,
విరిగితే ఫ్రేమే విరుగుతుంది" అని
ధైర్యం చెప్పి, టీ తాగి వెళ్లాడు.

గాలి మాత్రం ఎవరి మాటా వినలేదు.
దానిది చక్రవడ్డీని మించిన వడ్డీ.
అయిదారు కిలోమీటర్లు ఎక్కువ అడిగితే
రెట్టింపు కరెంటు కట్టమంటుంది.
గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకున్నావన్నాను.
ఆమె హ్యాండిలు మూడు వేళ్లు కిందికి దించి
గాలి చంక కింద నుంచి దూరిపోయింది.
మూడు వేళ్లకి రెండు కిలోమీటర్లు!
వంగడమంత చవకైన వేగం లేదట.
నడుము వేరే మాట చెబుతోందట.

జూన్ వచ్చింది. ముప్ఫై రెండు రాలేదు.
ముప్ఫై ఒకటి దగ్గర ముల్లు నిలబడిపోయింది.
లెక్క కడితే, మిగిలింది
అయిదు నిమిషాలకి కాస్త తక్కువ.
దాన్ని ఏం చేసుకుంటుందో చూద్దామని
సిగ్గు విడిచి కిటికీ దగ్గర నిలబడ్డాను.

అయిదుంపావు. చీకటి.
వెనకటి రోజుల్లో ఈ వేళకి
నోట్లో రొట్టె ముక్క, ఒక చేతికే గ్లౌజు,
గేటుని కాలితో తన్నుకుంటూ వెళ్లిపోయేది.
ఇవాళ వంటింట్లో లైటు.
హెల్మెట్ పెట్టుకునే
కుర్చీలో కూర్చుని ఉంది.
కప్పులోంచి ఆవిరి.
ఫోను చూడటం లేదు. ఏమీ చదవడం లేదు.
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చేతులు
బల్ల మీద ఉన్నాయి, రెండూ,
ఊరికే.

తర్వాత లేచింది. గేటు. ఈల.
ఎర్ర దీపం సముద్రం వైపు చిన్నదవుతూ పోయింది.

పట్టపగల్లా వీధి దీపాలుండగా
నా చేతిలో టార్చి ఎందుకు వెలుగుతోందో
చాలాసేపటికి గానీ చూసుకోలేదు.
కోటు జేబులో పగిలిన కెపాసిటరు ఉంది.
పారేద్దామనుకుంటూనే ఉన్నాను.
ఇంకా కొంచెం చేపల వాసన.