దువ్వెనకు ఎన్ని పళ్లు

మంగళవారం, పోర్ట్‌లారిగ్ లైబ్రరీ వెనక గది.
హీటర్ చెడిపోయి నెల. కోట్లు విప్పం ఎవరమూ.
నేను ఊడిన అట్టలకు జిగురు రాస్తున్నాను.
పక్క బల్ల దగ్గర ఎల్స్‌పెత్ టీచరు
ఘస్సాన్‌కు ఇంగ్లీషు చెబుతోంది.

ఇరవై రెండేళ్లు హమాలో మంగలి పని చేశాడతను.
చేతికి పాతదే, నోటికే కొత్త.
జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు:
నల్లటిది, ఓ మూల మూడు పళ్లు లేవు.
"కోంబ్" అన్నాడు, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు.
"కోమ్. చివర బీ పలకదు."
"పలకనిది ఎందుకు రాయడం?"
ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"ఒకప్పుడు పలికేది. మానేశాక
చోటు ఖాళీ చేయించడానికి ఎవరికీ మనసు రాలేదనుకుంటా."

ఎల్స్‌పెత్‌కు బొమ్మలు రావు.
కోడిపుంజు వేస్తే బాతు వచ్చింది,
దాని నెత్తిన ఎర్ర పెన్సిల్‌తో రంపం గీసింది:
ఇదీ కోమే.
తేనెపట్టు వేసింది. నాలుగు గదులకు ఐదేసి మూలలు.
తేనెటీగలు ఒప్పుకోవు గానీ, ఇదీ కోమే.
వాళ్ల అమ్మమ్మ ఉన్ని దువ్వేదట:
ముళ్లూ పేడా ఏరి, చిక్కు తీసి,
పోగులన్నిటినీ ఒకే వైపుకు పడుకోబెట్టేదట
జ్వరం పిల్లల్ని పడుకోబెట్టినట్టు.
ఇదీ అదే మాట. ఇక్కడ క్రియ.
ఒడ్డుకొచ్చి వంగి విరిగే పెద్ద అలకూ
ఆ పేరే, తోక కాస్త మారుతుంది
అంటూ కిటికీ వైపు తిరిగి
అక్కడితో ఆపేసింది.

ఇంకోటి ఉంది. ఊళ్లో అందరికీ తెలుసు.
ఆరేళ్ల కిందటి నవంబరులో
మగ్నస్ పడవ ఒక్కటే తిరిగొచ్చింది, బోర్లా.
పోలీసులు, కోస్ట్‌గార్డు, బేకరీ వాళ్లు, హైస్కూలు పిల్లలు
చేయి చాస్తే చేయి తగిలేంత దూరంలో వరస కట్టి
రేవు నుంచి లైట్‌హౌస్ దాకా ఇసుకను దువ్వారు,
మూడు రోజులు. పేపరూ ఆ మాటే రాసింది.
పళ్ల సందుల్లో చిక్కినవి:
ఎడమ కాలి రబ్బరు బూటు ఒకటి,
నూనె డబ్బా, ఇంకెవరిదో వల.
ఆ వరసలో నేనూ ఒక పన్నును.
ఎల్స్‌పెత్ ఆ మూడు రోజులూ
మాకు ఫ్లాస్కులతో సూపు తెచ్చింది,
ఎవరికి ఉప్పు తక్కువో అడిగి మరీ.

"మాకు ముష్త్" అన్నాడు ఘస్సాన్.
బూటు విప్పాడు, మేజోడు విప్పాడు,
ఆ చలిలో పాదం కుర్చీ మీద పెట్టి
వేళ్లకు పైన విచ్చుకున్న ఎముకల్ని చూపించాడు:
ఇది ముష్త్.
చెరువుల్లో ఓ చేప, వీపంతా ముళ్లు,
వేయించి నిమ్మకాయ పిండితే... అదీ ముష్త్.
ఇంకా ఏదో అనబోయి
"అంతే" అన్నాడు. "రెండే."
మేజోడు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

మాకు అరబ్బీ నిఘంటువు ఒకటుంది, ఎవరూ తీసుకోరు.
ఆ రాత్రి తాళం వేసే ముందు తిరగేశాను.
దువ్వెన. పాదం. చేప.
ఆ కింద చిన్న అక్షరాల్లో:
తుపాకీలోకి ఎక్కించే తూటాల పట్టీ.

వాళ్లిద్దరికీ నేనేం చెప్పలేదు.
చెప్పడానికి నాదేం పోయింది అనుకుంటూనే
పుస్తకాన్ని దాని చోట పెట్టేశాను.

అసలు ఆ మధ్యాహ్నం జరిగింది ఇంతే:
"టీచర్, మీ వెనక జుట్టు చిక్కుపడింది, గాలికి."
"ఈ ఊళ్లో ఎవరికి పడదు?" అంది
కానీ కుర్చీ తిప్పుకుంది.
కొసల నుంచి మొదలుపెట్టాడు, పైకి,
ఒక్క వెంట్రుకనూ లాగకుండా.
ఆ మూడు పళ్లు లేని మూలను వాడలేదు.
జిగురు నా వేళ్ల మీదే ఎండిపోయింది.

వచ్చే వారం కత్తెర, అంది వెళ్తూ.
బోర్డు మీద రాసి పెట్టింది.
అందులోనూ ఒక అక్షరం పలకదు.