ఒక్క చెవిల

రాజలింగూ, ఇగో ఈ కార్డు.
గోరంతనే ఉంటది, పైలం.
పోయిన రంజాన్ల పరుపు సందుల పడితే
మంచం మొత్తం ఇప్పి దేవులాడినం నలుగురం.

పదకొండు ఉన్నయి దీంట్ల.
అన్నీ సావు పాటలే అని నవ్వుతరు మనోళ్లు,
పోశెట్టి దగ్గర పీనుగుల డబ్బా ఉన్నదని.
నవ్వనీ.
అవసరం వడ్డప్పుడు వాళ్లే
లైట్లు ఆర్పినంక వచ్చి తలుపు కొడుతరు.

నువ్వు కొట్టలే.
నిన్న బస్సుల అద్దానికి తల ఆనిచ్చి
సజ్జా క్యాంపు నుంచి సైటు దాంక రెప్ప మూయలే.
మీ చిన్నక్క సంగతి మెస్సుల తెల్సింది నాకు,
పప్పు పోసేటాయన చెప్పిండు.
పాస్‌పోర్టు ఆఫీసుల, సెలవు డిసెంబర్ల,
మట్టి పొద్దుగాల్నే అయిపాయె.

మొదటిది పాట గాదు. మా నాయినమ్మ.
తాత పోయిన మూడో దినం
అమ్ముకున్న ఎద్దును, ఎండిన బాయిని
పేరువెట్టి పిలుసుకుంట రాగం తీసి ఏడ్సింది.
నడుమ ఒక్కపారి ఆగి
పొయ్యి మీద పాలు సూడుండ్రే అంటది.
మల్ల అందుకుంటది, ఇడిసినకాడికెళ్లే.
ఆ పాల ముక్క కోసేస్తనన్నడు మొబైల్ షాపాయన.
నేను కొయ్యనియ్యలే.

రెండు, మూడు పఠాన్ గుల్ జమాన్ ఇచ్చినయి.
ఒక్క మాట తెల్వది నాకు.
అర్థమేందని అడిగితే స్టీరింగు మీద చేతులు వెట్టి
శానసేపు రోడ్డు సూసి, కొండ, అన్నడు.
అంతే చెప్పిండు.

నాలుగోది సిన్మాది. ఏడుపు తక్కువ, వయొలిన్లు ఎక్కువ.
దాటెయ్.

ఐదోది తిల్ బహదూర్ పాడింది.
నేపాలోడు. నువ్వు పండుకునే మంచం వానిదే.
దోస్తు ఎవడో ఖతర్ల పోయిండని
నీళ్ల రూంల గోడకు ఒరిగి పాడుతుంటె
నేనే ఫోన్ల వట్టిన.
నల్లా కారే సప్పుడు ఉంటది,
ఎనుకకెళ్లి ఎవడో బకెట్ అడుగుతడు.
అప్పుడు ఎవనికోసమో పాడిండు.
ఆగస్టుల పరంజా మీదికెళ్లి పడ్డంక
వానికే అయింది.
వాళ్లమ్మకు పంపుదామని నంబరు దేవులాడిన,
దొరకలే.

ఆరు నుంచి ఎనిమిది బీడీలు సేసేటి ఆడోళ్లవి,
మా ఆమె పంపింది.
ఆకు కత్తిరించుకుంట పాడుతరు,
యముడొచ్చి బీడీ అడిగితే
బాకీ రాస్తం, సంతకం వెట్టి పో అంటరు.
ముసలామె ఒకతి నవ్వలేక దగ్గుతది.

తొమ్మిదో దాంట్ల మాటలుండయి. వట్టి డప్పు.
మా బాపు పాడె ముందు కొట్టింది.
క్రేను నీడల నిలవడి వీడియో కాల్ల సూసిన,
పక్కనోని ఫోన్ల రికార్డు సేసిన.
వాగు మలుపు కాడ సిగ్నల్ పోయింది.
రెండు నిమిషాల పన్నెండు సెకండ్లకు ఆగుతది.
కార్డు ఖరాబైందనుకోకు.
అంతే ఉన్నది.

పదోది ఏందో చెప్ప.
పదకొండోది ఎవలిచ్చిండ్రో యాదికి లేదు,
ఏ భాషనో, ఆడగొంతు.

వరుసవెట్టి వినకు.
ఒక్క చెవిలనే పెట్టుకో,
రెండోది నాలుగున్నర హారనుకు ఉంచు.
ఏడిస్తే ఏసీ మోతల ఎవలికి ఇనవడది.
రాకున్నా ఏం గాదు.
బాపు పోయిన్నాడు నాకు రాలే.
ఏడాదికి, రోలా బజార్ల
ఎవని పోరడో రేకుడబ్బ కొట్టుకుంట పోతుంటె
వచ్చింది, చేతుల ఉల్లిగడ్డల సంచి.

మీ అక్క పాడుతుండెనా?
పాడకున్నా సరే.
పైసలు పంపలేదని తిట్టిన వాయిస్ ఏమన్న ఉంటే
కొట్టెయ్యకు, దాస్కో.

కార్డు శుక్రారం ఇయ్యి.
క్యాంటీన్ జోసుకు కావాల్నేమో.
ఏమైందో చెప్తలేడు గని
మొన్నటికెళ్లి చాయ్‌ల ఉప్పేస్తున్నడు.