పక్కబల్ల

కుతాయిసి ఆసుపత్రి, మూడో థియేటర్.
నాది పక్కబల్ల.
ఆమె ముఖం డాక్టర్ తమాజ్‌ది.
పొట్టలోంచి తీసింది మాత్రం నాది,
ఒక గంటసేపు.

జైరా రొట్టెలు కాలుస్తుంది.
నేలలో పాతిన మట్టిపొయ్యిలోకి నడుము దాకా వంగి
లోపలి గోడకి పిండిని చరిచి అతికించే పని.
ముప్పై ఒక్క ఏళ్లు వంగింది, లేచింది.
ఒకసారి మార్చిలో కళ్లు తిరిగి
వంగింది వంగినట్టే ఉండిపోయింది.
తమ్ముడి కొడుకు కాళ్లు పట్టి లాగాడట.

ఎడమ చెంప, దవడ, మెడ దాకా
చర్మం మాడిన రొట్టె అడుగులా బిగుసుకుంది.
నోట్లోకి చెంచా అడ్డంగా పోదు,
నిలువుగా దూర్చుకోవాలి.

మత్తిచ్చే ముందు నాతో అంది:
"ఈ పొట్ట తగ్గించుకోమని
కనపడ్డ డాక్టరల్లా తిట్టాడు.
ఇవాళ చుక్కచుక్కకీ లెక్క రాస్తున్నారు.
చూశావా, దాచుకున్నదే అక్కరకొచ్చింది."

అల్లిక సూదంత గొట్టం, మొన మొద్దు.
తమాజ్ సిరంజిని కొంచెమే వెనక్కి లాగి పడతాడు.
గట్టిగా పీలిస్తే కణాలు చిట్లిపోతాయి.
"పాలు పితికినట్టు కాదు, పసిపిల్ల తాగినట్టు" అంటాడు,
పెళ్లయినా కాని మనిషి.

పది సిరంజిలు నా బల్ల మీదికొచ్చాయి.
పచ్చగా, అక్కడక్కడ ఎర్రగా, ఇంకా వెచ్చగా.
తొడుగులోంచి కూడా ఆ వెచ్చదనం తెలుస్తుంది.
మనిషి అక్కడ, మనిషి వేడి ఇక్కడ.

మూతలు బిగించి, ఎదురెదురు బరువులు సరిచూసి
యంత్రంలో పెడతాను. మూడు నిమిషాలు తిరుగుతుంది.
ఆ మూడు నిమిషాలూ నాకు పని లేదు.
తిరుగుతున్నది ఏమిటా అని ఆలోచిస్తాను:
జున్ను రొట్టె, అక్రోటు ముద్ద, ఎవరి పెళ్లిలోదో వేపుడు.
కరెంటు లేని ఆ చలికాలాలు అయిపోయాక
మళ్లీ వస్తాయేమోనని ఇంకో ముక్క,
ఎందుకైనా మంచిదని మరో ముక్క.

యంత్రం ఆగింది.
ఏడో సిరంజి మూత నేను సరిగా బిగించలేదు.
లోపలి గోడంతా చిమ్మింది.
తమాజ్ ఏమీ అనలేదు. అనకపోవడమే అన్నట్టు.
గుండ్రటి ఆ గోడని తుడుస్తుంటే
గోడకి చరిచిన పిండి గుర్తొచ్చి
చెయ్యి ఒక క్షణం ఆగింది.

మిగతా తొమ్మిదీ నిలబెట్టి చూశాను.
పైన నూనె, చిట్లినవాటిది.
అడుగున నెత్తురు నీళ్లు.
నడుమ, వెన్నలా, బతికున్నది.
అడుగుది వదిలేశాను, పైది వంచేశాను.
పోనని పట్టుకున్న నూనెకి దూదివత్తి ఆనిస్తే
వత్తి దానంతట అదే తాగింది.
ఈ వత్తిని ఎవరూ వెలిగించరు,
పసుపు సంచిలో వేస్తారు.

వేలెడు సిరంజిల్లోకి నింపి అందిస్తూ పోయాను.
తమాజ్ మచ్చ కిందకి సన్నగా పోగులు పోస్తాడు,
పోగుకీ పోగుకీ నడుమ నెత్తురు నడిచే చోటు వదిలి.
నారు ఒత్తుగా పోస్తే మధ్యది తిండి లేక చచ్చినట్టే
ఇదీ చస్తుంది.
ఎంత జాగ్రత్తపడ్డా సగానికి సగం
ఒళ్లే కరిగించుకుంటుంది.
ఏ సగమో నా బల్ల మీద తెలియదు.

ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది జైరా.
మచ్చ మెత్తబడింది. చెంచా అడ్డంగా పోతోంది.
కానీ చెంప కాస్త లోపలికి దిగింది.
"ఉపవాసాలున్నావా?" అన్నాడు తమాజ్.
ఉంది. పండుగ ముందు నలభై చిల్లర రోజులు,
పాలు లేవు, గుడ్డు లేదు, మాంసం లేదు.
"నీ చెంపలో ఉన్నది పొట్టేనమ్మా.
నువ్వు చిక్కితే అదీ చిక్కుతుంది.
చోటు మారినా పుట్టిల్లు మరిచిపోదు."

జైరా చాలాసేపు ఆలోచించింది.
"అయితే మా ఫాదర్‌ని అడిగి చూస్తాను,
చెంప ఒక్కదానికీ మినహాయింపు ఇస్తాడేమో."

నవ్వింది.
కుడివైపు వచ్చిన నవ్వు
ఎడమవైపు రావడానికి కొంచెం ఆలస్యమైంది.
వచ్చింది.