వచ్చిన పని

రిజిస్టరులో నాలుగు గళ్ళు:
తేదీ, పేరు, ఊరు, వచ్చిన పని.
మూడు ఎలాగో నిండుతాయి.
నాలుగోది ఖాళీగా వదిలేస్తారు,
లేదంటే ‘ఊరికే’ అని రాసిపోతారు.

దొనకొండలో బస్సు దిగి, ఆటో పట్టుకుని
చందవరం గుట్ట ఎక్కేసరికి
ఎవరికైనా నాలుక పిడచగట్టుకుపోతుంది.
ముందు నా నీళ్ళకుండ దగ్గరికే వస్తారు.
ఆ తర్వాత స్తూపం చుట్టూ ఓసారి తిరిగి
‘ఇంతేనా?’ అంటారు.

ఇంతే.
ఇటుకల గుండ్రం. పలకలు పోయినచోట
పలకంత వెలితి.
కింద గుండ్లకమ్మ, వానొస్తే ఏరు, రాకపోతే ఇసక.

నీలం బోర్డుకు తెలిసింది శిక్ష ఒక్కటే.
పాడుచేస్తే ఇన్నేళ్ళు జైలు, ఇంత జరిమానా.
పాడుచేయకుండా ఉంటే ఏమొస్తుందో
అందులో ఎక్కడా రాయలేదు.
ఆరేళ్ళుగా దాని నీడలోనే సద్ది విప్పుకుంటున్నాను,
నాకూ ఎవరూ చెప్పలేదు.
‘ఏలియా, మొక్కని బొమ్మలకు కాపలా ఏందబ్బాయ్’ అని
పాస్టరుగారు అడిగితే
‘జీతం అయ్యగారూ’ అన్నాను.
అది సగమే నిజం.
మిగతా సగం అప్పటికి నాకూ తెలియదు.

ఆ ఎండాకాలం ఇసక ట్రాక్టర్లు
రేవుదాకా తవ్వుకొచ్చాయి.
మాలకొండమ్మ చాకిరేవు రాయి,
వాళ్ళత్తా, ఆ అత్తకు అత్తా బట్టలుతికిన రాయి,
కింద ఇసక జారి పక్కకు ఒరిగింది.
తడి కొంగుతో, చెప్పుల్లేకుండా గుట్టెక్కి వచ్చింది:
‘ఒరే ఏలియా, రాయి కింద మనుషులున్నార్రా.’

ఉన్నారు.
చేతులు జోడించినవాళ్ళు ఇద్దరు, తామరపువ్వొకటి,
పక్కన కడియాల కాళ్ళతో ఒకామె.
ముక్కు కాస్త అరిగింది గాని
నవ్వు అరగలేదు.
మాలకొండమ్మ ఆమె చెంపకంటిన ఇసకను
బొటనవేలితో తుడిచింది, పిల్లకు ముక్కు తుడిచినట్టు.
‘ఇన్నాళ్ళూ నేను బాదింది
ఈ తల్లి వీపునా?’

జీపులో వచ్చినవాళ్ళు గోనెపట్టాల్లో చుట్టారు.
కొలతలు తీశారు, ఫొటోలు తీశారు,
తెల్లరంగుతో నెంబరేసి షెడ్డులో పెట్టారు.
‘మరి నాకు రాయి?’ అంది మాలకొండమ్మ.
ఎవరో నవ్వారు.
నేను అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.
చివరికి చీమకుర్తి నుంచి మా బావమరిది
లారీలో ఓ విరిగిన గ్రానైటు చెక్క తెచ్చిపడేశాడు.
నల్లగా నిగనిగ, లోపల చుక్కలు.
‘దీనిమీద బట్ట నిలవదురా, జారిపోతది,
అద్దం మీద ఉతికినట్టుంది’ అని
తిట్టుకుంటూనే ఉతుకుతోంది ఇప్పటికీ.

రాత్రిళ్ళు గునపం చప్పుడుకు లేస్తాను.
చాలాసార్లు అది ఏదుపందే.
ఒకసారి మాత్రం కాదు.
టార్చి వేసి అరిచాను. ఇద్దరు పరిగెత్తారు,
మూడోవాడు రాయి విసిరాడు.
కనుబొమ్మ మీద ఈ మచ్చ అదే.
‘దొంగలు, దొంగలు’ అని అరవాలి కదా.
నా నోట్లోంచి వచ్చింది వేరు:
‘ఈడ మనుషులున్నార్రా!’
గుట్ట మీద అప్పుడున్నది నేనొక్కణ్ణే.

మొన్న మంగళవారం మూటలన్నీ ఇళ్ళకు చేర్చి
మాలకొండమ్మ వచ్చింది. షెడ్డు తాళం తీశాను.
పలక ముందు గొంతుక్కూర్చుంది. మొక్కలేదు.
మనవరాలి జ్వరం సంగతి, సబ్బు ధర సంగతి చెప్పింది.
కాసేపు ఊరుకుంది,
అవతలివాళ్ళు కూడా ఏదో చెబుతున్నట్టు.
పోయేముందు వేలిముద్ర వేసింది.
నాలుగో గడి దగ్గర నా పెన్ను ఆగింది.
‘వచ్చిన పని ఏమని రాయమంటావు అవ్వా?’
‘పలకరించను వచ్చానని రాయి.’

గడి చాలలేదు, అక్షరాలు పక్క వరుసలోకి పాకాయి.
తాళం వేసి తిరిగొచ్చేసరికి
కంచె సందులోంచి గొర్రెలు మళ్ళీ దూరి
స్తూపం చుట్టూ మేస్తున్నాయి, కుడివైపుగా, తీరిగ్గా.
వాటి పేర్లు నేను రాసుకోను.